బిడ్డ ఏదైనా మింగినప్పుడు

(మదనపల్లె, పుంగనూరు, కుప్పము సంఘముల స్త్రీల మైత్రి కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సంచికలో సంఘచరిత్రను గూర్చియు, పూర్వపు గురువుల సేవను గూర్చియు వ్రాయువారు చాలమంది యున్నారు. మేము ఎన్నుకొన్న విషయము మిక్కిలి చిన్నది. అరచేతిలో ఇమిడిపోవునంత చిన్నది. ఒక రూపాయి బిళ్ళ, ఒక చింతగింజ, ఒక పిన్నీసు, బొమ్మలో వేయు ఒక బిళ్ళ బ్యాటరీ. వీటిలో ఏదో యొకటి పసిబిడ్డ నోటిలోనికి పోయినప్పుడు ఆ యింటివారు ఏమి చేయవలెను, ఏమి చేయకూడదు అనునదే మా ప్రసంగాంశము.

"అయ్యగారూ, ఇది డాక్టర్లు చెప్పాల్సిన మాట కదా!" అని పుంగనూరు కూటములో ఒక పెద్దమ్మ అడిగినది. నిజమే. మేము వైద్యులము కాము. వైద్యులు నిశ్చయించి చెప్పుచున్న దానినే మన మాటలలో చెప్పుచున్నాము. అయితే బిడ్డ ఏదో మింగినదని కేక వినబడగానే మొదట పరుగెత్తుకొని వచ్చునది డాక్టరు కాదు. పక్కింటివారు, అత్తగారు, సంఘపెద్దలు, ఒక్కొక్కసారి మేము. మొదటి పది నిమిషములు మన చేతిలోనే యుండును. ఆ పది నిమిషములలో మనము చేయు పనియు, పలుకు మాటయు బిడ్డకు ప్రాణము కావచ్చును, ప్రాణాపాయమును కావచ్చును.

రెండు దారులు

ఆరు నెలలు మొదలు మూడేండ్ల లోపు బిడ్డకు లోకమును తెలిసికొనుటకు నోరే సాధనము. దొరికిన ప్రతిదానిని నోట పెట్టి చూచును. అది అల్లరి కాదు, ఆ వయస్సు స్వభావము. కాబట్టి బిడ్డను దండించి ప్రయోజనము లేదు. నేలను వెదకి శుభ్రపరచుకొనవలసినది మనమే.

గొంతులో రెండు దారులున్నవి. ముందున్నది ఊపిరి గొట్టము, దాని వెనుకనున్నది అన్నము దిగు గొట్టము. మనము మింగునప్పుడు ఊపిరి దారిమీద మూతవంటిది వాలి దానిని కప్పును. నవ్వుచునో, ఏడ్చుచునో, పరుగెత్తుచునో తినునప్పుడు ఆ మూత వేళకు పడదు. దానినే మనము పొలమారుట అందుము. నెత్తిమీద తట్టి "ఎవరో తలచుకుంటున్నారు" అని నవ్వుకొందుము. పెద్దలకు అది నవ్వులాటే. పసిబిడ్డకు మాత్రము కాదు. ఆ బిడ్డ ఊపిరి గొట్టము సుమారు ఆ బిడ్డ చిటికెనవ్రేలి లావే యుండును. శనగగింజంత అడ్డము చాలును.

కాబట్టి మొదట చూడవలసినది ఇది: బిడ్డకు ఊపిరి ఆడుచున్నదా? గట్టిగా ఏడ్చుచున్నను, గట్టిగా దగ్గుచున్నను గాలి పోవుచున్నదని అర్థము. దగ్గనియ్యుడి. దగ్గుకంటె మంచి మందు ఆ క్షణమున లేదు. కనబడని దానికొరకు నోట వ్రేలు పెట్టి కెలుకవద్దు. పైనున్నది లోపలికి పోవును. కాళ్ళు పట్టుకొని తలక్రిందులుగా ఊపవద్దు.

ఏడ్పు రాక, దగ్గు రాక, మాట రాక, పెదవులు నీలమగుచున్నయెడల ఊపిరి దారి మూసికొన్నదని తెలిసికొని వెంటనే ఇట్లు చేయవలెను. ఏడాది లోపు బిడ్డయైతే ముంజేతి మీద బోర్లా పరుండబెట్టి, తల క్రిందికి వాల్చి, దవడను చేతితో ఆనించి పట్టుకొని, రెండు భుజముల నడుమ అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టవలెను. పిమ్మట వెల్లకిల త్రిప్పి, రొమ్ము నడిమి యెముక మీద ఐదుసార్లు నొక్కవలెను. వచ్చువరకు ఒకదాని తరువాత ఒకటి. ఏడాది దాటిన బిడ్డయైతే ముందుకు వంచి వీపు మీద ఐదు దెబ్బలు. తరువాత వెనుకనుండి కౌగిలించినట్లు పట్టుకొని, బొడ్డునకు పైన, రొమ్ము ఎముకకు క్రింద పిడికిలి ఆనించి, లోనికిని పైకిని ఐదుసార్లు లాగవలెను. ఈ రెండవ పద్ధతిని అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్‌లిక్ 1974లో లోకమునకు తెలిపెను. ఏడాది లోపు బిడ్డకు కడుపు మీద నొక్కకూడదు. బిడ్డ తెలివి తప్పినయెడల గట్టి నేలమీద పరుండబెట్టి రొమ్ము నొక్కుచు, నోటిలో ఊపిరి ఊదుచుండవలెను. ఒకరు ఈ పని చేయుచుండగా మరియొకరు 108కి ఫోను చేయవలెను.

ఇది చదివినంత మాత్రమున రాదు. చేసి నేర్చుకొనవలెను. ఆ మాట చివర చెప్పెదము.

చెనక్కాయలు, చింతగింజలు

మన సీమలో చెనక్కాయలు వలవని ఇల్లు లేదు. విత్తనముల కాలము వచ్చినయెడల నట్టింట కాయలు కుప్పపోసి ఆడవారందరు కూర్చొని వలుతురు. ఎండకాలములో చింతపండు కొట్టి గింజలు తీయుదురు. ఆ గింజలతోనే పిల్లలు వామనగుంటలాడుదురు. పాకుచున్న బిడ్డకు ఆ కుప్ప ప్రక్కనే చాప వేయుదుము.

పప్పుబద్ద ఊపిరి గొట్టములోనికి జారినప్పుడు మొదట ఉక్కిరిబిక్కిరియగు దగ్గు వచ్చును. కొంతసేపటికి దగ్గు తగ్గిపోవును. "పోయింది, ఏమీ లేదు" అని అందరు నెమ్మదింతురు. మోసము అక్కడే యున్నది. పప్పు గొట్టమును దాటి ఊపిరితిత్తి కొమ్మలలో నొకదానిలో, చాలమారులు కుడిప్రక్క కొమ్మలో, కూర్చుండును. కుడి కొమ్మ వెడల్పైనది, నిటారైనది గనుక. చింతగింజ తడికి ఉబ్బును. పప్పులోని నూనె లోపలి చర్మమును రేపును. కొన్ని దినములకు పిల్లికూత, జ్వరము, నిమ్ము వచ్చును. మందులకు తగ్గి మరల వచ్చును.

పప్పులు, గింజలు ఎక్స్‌రేలో కనబడవు, కనబడునది లోహము. కాబట్టి "ఎక్స్‌రే బాగుంది" అను మాట ఒక్కటి చాలదు. మా పరిచర్యలో ఒక ఊరి బిడ్డకు వారములకొలది ఆయాసమునకు మందులు వాడిరి. చివరకు ఒక వైద్యురాలు "దగ్గు ఏ దినము మొదలైనది?" అని అడుగగా, విత్తనపు కాయలు వలచిన దినము బిడ్డకు పొలమారినదని అవ్వకు జ్ఞాపకము వచ్చెను. గొట్టము వేసి చూడగా అర్ధబద్ద చెనక్కాయ పప్పు బయటపడెను. ఆ అవ్వ జ్ఞాపకము ఎక్స్‌రే కంటె మేలైన పని చేసినది.

మదనపల్లె పేరు చెప్పినంతనే దగ్గు వైద్యము గుర్తుకు వచ్చు కాలమొకటి యుండెను. 1912లో ఆరంభమైన ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రి అట్టి పేరు తెచ్చినది. అందుచేత వదలని దగ్గు అనగానే మన పెద్దలకు క్షయ భయమే ముందు. ఆ పరీక్ష చేయించవలసినదే. కాని నిన్నటివరకు ఆడుకొనుచుండి ఒక్కసారిగా దగ్గు పట్టుకొన్న పసిబిడ్డ విషయములో ఇంకొక ప్రశ్న వేసికొనవలెను: ఆ దినము ఆ బిడ్డ చేతికి ఏమి దొరికినది?

నాలుగేండ్లు నిండువరకు గట్టి పప్పులు, వక్క, బఠాణీలు బిడ్డకు బద్దలుగా పెట్టవద్దు, నూరి పెట్టుడి. సీతాఫలము గింజలు తీసి పెట్టుడి.

కానుక బిళ్ళ

బిడ్డచేత కానుక వేయించుట మంచి అలవాటు. ఆరాధన మొదలైనప్పుడే చేతిలో రూపాయి బిళ్ళ పెట్టుదుము. సంచి వచ్చువరకు అది బిడ్డ చేతిలోను, నోటిలోను ఆడుచుండును. బిడ్డలు మింగు వస్తువులలో నాణెములే అధికమని అన్ని దేశముల వైద్యులు చెప్పుచున్నారు. కాబట్టి బిళ్ళను సంచి దగ్గరకు వచ్చినప్పుడే చేతికిచ్చి, వేసినదాక కన్ను తీయకుడి.

అన్నపు దారిలో పోయిన వస్తువు కడుపులోనికి దిగినయెడల భయము చాలవరకు తీరినట్లే. పదిమంది బిడ్డలలో ఎనమండుగురు తొమ్మండుగురికి అది తనంతట తానే మలములో బయటికి వచ్చును. కొద్ది దినములు పట్టవచ్చును, ఒక్కొక్కప్పుడు రెండు వారములు పట్టవచ్చును. ఆ దినములలో మామూలు అన్నమే పెట్టవచ్చును. జ్వరము, కడుపునొప్పి, విడువని వాంతి, మలములో నెత్తురు కనబడినయెడల వెంటనే మరల పోవలెను.

కాని నాణెము కడుపులోనికి దిగినదా, గొంతుకు దిగువనే నిలిచినదా అని కంటితో చెప్పలేము. సొల్లు ఆగక కారుట, అన్నము త్రోసివేయుట, మింగునప్పుడు ఏడ్చుట నిలిచినదనుటకు గురుతులు. ఒక్కొక్కసారి ఏ గురుతును ఉండదు. కాబట్టి ఎక్స్‌రే తీయించవలెను. నిలిచియున్నయెడల గురుతులు లేకున్నను ఒక దినము దాటనియ్యక తీయించవలెను. సొల్లు కారుచున్నను, ఆయాసమున్నను అంతవరకును ఆగరాదు.

మన ఇండ్లలో జరుగునది వేరు. అరటిపండు మింగింతురు, అన్నపుముద్ద మింగింతురు, ఉప్పునీళ్ళు త్రాగించి కక్కింతురు, ఆముదము పోయుదురు. ఇవేవియు పనికిరావు. ఇరుకున నిలిచిన దానిమీద ఇంకొక ముద్ద వేసిన అడ్డము పెరుగును. కక్కించినయెడల పైకి వచ్చినది ఊపిరి దారిలో పడవచ్చును. మత్తు ఇచ్చి తీయవలసివచ్చినప్పుడు కడుపు నిండుగ నుండుట అపాయము. వైద్యుడు చూచువరకు నోటికి ఏమియు ఇవ్వకుడి. గొంతులో ఊది, కడుపు నిమిరి, "ఇదిగో తీసినాము" అని చేతిలో చూపించువారియొద్ద ఒక్క గడియయు పోగొట్టుకొనకుడి.

ఆగరానివి మూడు

మొదటిది బిళ్ళ బ్యాటరీ. గడియారములో, బొమ్మలో, జ్వరము చూచు యంత్రములో, చిన్న రిమోటులో, తాతగారి చెవి యంత్రములో ఉండునది. దీనిలో చాల వాడుకలోనున్న రకము 20 మిల్లీమీటర్ల వెడల్పు. 2019లో వచ్చిన కొత్త రూపాయి బిళ్ళ వెడల్పును అంతే. చూచుటకు నాణెమువలె నుండును గాని నాణెము కాదు. అన్నపు గొట్టము తడిలో చిక్కుకొన్నప్పుడు దానిలోని విద్యుత్తు ఆ తడిగుండ ప్రవహించి, కాస్టిక్ సోడావంటి క్షారమును అక్కడికక్కడే పుట్టించును. రెండు గంటలలోనే గొట్టము కాలిపోవును. వాడి పారవేసిన బ్యాటరీలోను అంత శక్తి మిగిలియుండును. తీసివేసిన తరువాతను ఆ పుండు దినములకొలది లోతగుచుండి ప్రక్కనున్న పెద్ద నెత్తురు నాళమును తాకవచ్చును. కాబట్టి ఇంటికి పంపిన తరువాతను వైద్యుడు రమ్మన్న దినమున తప్పక పోవలెను.

నాణెమో బ్యాటరీయో తెలియకున్నయెడల బ్యాటరీయనియే తలంచి పరుగెత్తవలెను. ఎక్స్‌రేలో బ్యాటరీ అంచు రెండు వలయములుగా కనబడును. "బ్యాటరీ కావచ్చునేమో చూడండి" అని నోరు తెరచి చెప్పుడి. ఏడాది నిండి, మింగగలుగుచున్న బిడ్డకు, బ్యాటరీ మింగి పండ్రెండు గంటలు కాకున్నయెడల, దారిలో పది నిమిషములకొకసారి రెండు టీస్పూనుల తేనె ఇవ్వవచ్చును, ఆరు సారులకు మించకుండ. ఇది కాలుటను కొంత తగ్గించును. తేనె కొరకు వెదకుచు ఆలస్యము చేయకుడి. ఏడాది లోపు బిడ్డకు తేనె ఎన్నడును ఇవ్వరాదు. ముందు చెప్పిన "నోటికి ఏమియు ఇవ్వకుడి" అను నియమమునకు ఇది యొక్కటే మినహాయింపు.

ఒక మాట మన సంఘములకు. క్రిస్మసు వెలుగు ఆరాధనలో నిప్పు భయముచేత చాలచోట్ల మైనపు కొవ్వొత్తులకు బదులు బ్యాటరీ కొవ్వొత్తులు పంచుచున్నారు. వాటి అడుగున నుండునది ఈ బిళ్ళయే. మూత గోటితో ఊడివచ్చునది బిడ్డల చేతికి ఇవ్వరాదు. స్క్రూ బిగించినదే కొనవలెను. అమెరికాలో రిమోటు బ్యాటరీ మింగి మరణించిన పదునెనిమిది నెలల పాప పేర 2022లో చట్టమే చేసిరి: చిన్నబిడ్డలు తెరచుటకు వీలులేని మూత ఉండవలెనని. మన దేశములో 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గురుతు తప్పనిసరి. సంతలోను, తిరునాళ్ళలోను కొనునప్పుడు ఆ గురుతు చూడుడి.

రెండవది అయస్కాంతము. ఒక్కటి మింగిన బయటపడవచ్చును. రెండు మింగినయెడల ప్రేగు మడతలకు అటునొకటి ఇటునొకటి నిలిచి, ఒకదానినొకటి లాగుకొని, నడుమనున్న ప్రేగును నలిపి రంధ్రము చేయును.

మూడవది మొనగలది: మేకు, సూది, చేప ముల్లు, తెరచిన పిన్నీసు. మన తల్లులు తాళికి నాలుగు పిన్నీసులు తగిలించుకొందురు. చంకనున్న బిడ్డకు అవే ఆటవస్తువులు. తీసి పెట్టెలో పెట్టుకొనుడి.

లోపలికి పోయిన దానిని కోయకుండ తీయు విద్య వచ్చి నూరేండ్లు దాటినది. 1897లో జర్మనీ వైద్యుడు గుస్టావ్ కిలియన్ ఒక రైతు ఊపిరి గొట్టములోనుండి ఎముక ముక్కను గొట్టము ద్వారా తీసెను. అమెరికాలో షెవాలియర్ జాక్సన్ అను వైద్యుడు (1865–1958) తెరచిన పిన్నీసును లోపలనే మూసి బయటికి తెచ్చు పనిముట్లను చేయించెను. ఆయన జాగ్రత్త చేసిన 2,374 వస్తువులు నేటికిని ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియములో ఉన్నవి: గుండీలు, నాణెములు, పిన్నీసులు, గింజలు. వాటిలో వింత వస్తువులకంటె ప్రతి యింటిలో నుండునవే అధికము.

"ఎవరు?" అను ప్రశ్న

ఇంతవరకు చెప్పినది తెలివికి సంబంధించినది. ఇకమీద చెప్పునది మనస్సుకు సంబంధించినది; మా ప్రసంగములో ముఖ్యమైన భాగమిదే.

బిడ్డ ఏదో మింగినదని తెలియగానే మన ఇంటిలో పుట్టు మొదటి ప్రశ్న "ఏమి మింగింది?" అని కాదు. "ఎవరు చూస్తుండినారు?" అని. ఆ ప్రశ్న ఎప్పుడును ఒక్కరి మీదనే పడును. ఒక ఊరిలో కోడలు బిడ్డతో ఒంటరిగా నుండెను. రిమోటు మూత ఊడియున్నది, లోపలి బిళ్ళ కనబడలేదు. బిడ్డ సొల్లు కార్చుచు పాలు వదలెను. అత్తగారు వచ్చి అడుగగా "పళ్ళొస్తాండాయి అత్తా" అని చెప్పెను. ఆమె అబద్ధికురాలు కాదు, భయపడినది. సాయంకాలమునకు ప్రక్కింటి సండేస్కూలు టీచరమ్మతో ఏడ్చి చెప్పగా అప్పుడు ఆసుపత్రికి తీసికొనిపోయిరి. బిడ్డ బ్రదికినది. కాని నెలలకొలది ముక్కునుండి కడుపునకు వేసిన గొట్టముతోనే పాలు పోయవలసివచ్చెను. ఆ సాయంకాలము వరకు బిడ్డను కాల్చినది బ్యాటరీ యొక్కటియే కాదు, ఆ యింటి భయమును.

ఐడా స్కడర్ గారి సంగతి మీరెరుగుదురు. తిండివనములో ఒక్క రాత్రి ముగ్గురు మనుష్యులు వచ్చి తమ భార్యల ప్రసవమునకు సహాయము అడిగిరి. ఇంటిలో వైద్యుడైన తండ్రి యుండెను. అయినను పరపురుషుడు చూడరాదని ముగ్గురును వెళ్ళిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఆ రాత్రియే ఆమెను వైద్యవిద్యకు పంపినది. 1900లో వేలూరులో ఆమె ఒక్క మంచముతో ఆరంభించిన పని నేటి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రియైనది. ఆ ముగ్గురి విషయములో వైద్యుడు లేక కాదు ప్రాణము పోయినది; నలుగురు ఏమందురో అను భయముచేత పోయినది. నేడు ఆ భయము రూపము మార్చుకొని మన వంటయింటిలో నిలిచియున్నది.

కాబట్టి తల్లులారా, అత్తగార్లారా, తండ్రులారా, "ఎవరు?" అను ప్రశ్నను ఆ దినమునకు విడిచిపెట్టుడి. మూడే అడుగుడి: ఏమి మింగినది? ఎప్పుడు? ఇప్పుడెట్లున్నది? ఆ మూటికి నిజమైన జవాబు చెప్పగలది తల్లియే. ఆమె నోరు మూయించినవారు వైద్యుని చేతులు కట్టినవారే. చెప్పిన పెద్దపిల్లలను కొట్టకుడి. చెల్లెలి నోట తానే బిళ్ళ పెట్టితినని ఐదేండ్ల అన్న చెప్పినయెడల, ముద్దు పెట్టుకొని ఆసుపత్రికి వెంట తీసికొనిపొండి. అలాంటి బిళ్ళ ఇంకొకటి దొరికిన దానిని కూడ తీసికొనిపొండి.

ప్రార్థనకొరకు బిడ్డను మొదట మాయొద్దకు తెచ్చువారున్నారు. ప్రార్థన మానవద్దు. ఆటోలో చేయుడి, మాకు ఫోను చేయుడి, మేము ఆసుపత్రికే వచ్చి చేసెదము. షూనేమీయురాలు ఇంటిలో కూర్చుండిపోలేదు. గాడిదకు గంత కట్టించి, సహాయము దొరుకు చోటికి తిన్నగా పోయినది.

మన మూడు ఊళ్ళు

మదనపల్లెనుండి అటు తిరుపతికైనను ఇటు బెంగళూరుకైనను నూరు కిలోమీటర్లకు పైమాటే. పుంగనూరువారు సాధారణముగ ముందు మదనపల్లెకు వత్తురు. కుప్పమువారికి ఊరిలోనే పి.ఇ.ఎస్. వైద్య కళాశాల ఆసుపత్రి యున్నది. వేలూరు, బెంగళూరు రైలుకును రోడ్డుకును అందుబాటులో ఉన్నవి. రెండు గంటలలో కాలిపోవు బ్యాటరీకి ఈ దూరములు చిన్నవి కావు. గనుక ఊరిలోనే ఎక్స్‌రే తీయించి, ఆ డాక్టరుచేత పై ఆసుపత్రికి ముందుగనే ఫోను చేయించి, బయలుదేరవలెను. తీయు పరికరము లేని చోటికి పోయి మరల తిరుగుటలో పోవు గంట తిరిగి రాదు. పసిబిడ్డల గొంతులో గొట్టము వేసి తీయువారు మీకు దగ్గరలో ఎక్కడున్నారో, రాత్రివేళ ఉందురో లేదో, అవసరము రాకముందే కనుగొని ఇంటి తలుపు వెనుక వ్రాసి పెట్టుకొనుడి.

చివరగా, ఈ శతవార్షికోత్సవ సంవత్సరమున మూడు సంఘములును మూడు పనులు చేయవలెనని మా మనవి. ఏటికొకసారి నర్సమ్మను పిలిపించి, గుడ్డబొమ్మ మీద వీపు తట్టుట, రొమ్ము నొక్కుట సండేస్కూలు టీచర్లకును, తల్లులకును, తండ్రులకును నేర్పించుడి. గుడిలో పసిబిడ్డల చాప పరచుటకు ముందు ఒకరు మోకాళ్ళూని నేలను వెదకుడి. మన కన్నులకు కనబడనిది ఆ యెత్తునుండి కనబడును. మూడవది అన్నిటికంటె కష్టము, ఖర్చులేనిది: మీ కోడలు, మీ కూతురు, మీ ఇంట పనిచేయు అమ్మాయి భయపడకుండ "బిడ్డ ఏదో మింగినాడమ్మా" అని కేక వేయగలిగిన ఇల్లుగా మీ ఇంటిని ఉంచుకొనుడి.

మన బిడ్డలను ప్రభువు కాపాడును గాక.